అడ్డంగా దారి, నిలువుగా అడ్డంకి: దిశను బట్టి విద్యుత్ ధర్మం మారే సిరామిక్

కరెంటు స్తంభాలపై కనిపించే పింగాణీ ఇన్సులేటర్ల పని విద్యుత్తును ఆపడం. చాలా సిరామిక్‌లలాగే సిలికాన్ నైట్రైడ్ కూడా విద్యుద్బంధకమే. వేడికి, అరుగుదలకు తట్టుకుంటుంది కాబట్టి దీన్ని బేరింగులు, లోహాలను కోసే పనిముట్ల తయారీలో వాడతారు. అయితే ఈ గట్టిదనమే ఒక చిక్కు కూడా. ఒకసారి కాల్చాక దీన్ని మలచాలంటే వజ్రపు పనిముట్లు కావాలి. అందుకు సమయం, ఖర్చు రెండూ ఎక్కువే. అదే విద్యుత్తు ప్రవహించే సిరామిక్ అయితే, లోహాల్లా విద్యుత్ స్పార్కులతో కోయవచ్చు.

అందుకు ఒక మార్గం గ్రాఫీన్ కలపడం. గ్రాఫీన్ నానో పలకల మందం నానోమీటర్లలో, వెడల్పు మైక్రోమీటర్లలో ఉంటుంది. వీటిని ద్రవంలో అల్ట్రాసౌండ్‌తో విడదీసి, సిరామిక్ పొడితో కలిపి ఆరబెడతారు. ఆ మిశ్రమాన్ని గ్రాఫైట్ అచ్చులో పోసి, పైనుంచీ కిందినుంచీ నొక్కుతూ, అచ్చు గుండా విద్యుత్తును పంపి వేడి చేస్తారు. దీని పేరు స్పార్క్ ప్లాస్మా సింటరింగ్. వేడెక్కడం వేగంగా జరిగి, 1,600 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొడి కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. గంటల తరబడి కొలిమిలో ఉంచనక్కర లేదు కాబట్టి గ్రాఫీన్ దెబ్బతినే అవకాశం తగ్గుతుంది.

దిశ ఎలా వస్తుంది?

చెట్టు కింద రాలిన ఆకులను పైనుంచి తొక్కితే అవి ఒకదానిపై ఒకటి పరుచుకుంటాయి. అచ్చులో పలకలకూ జరిగేది అదే. ఒత్తిడికి అవి అడ్డంగా వాలి, పొరలుగా సర్దుకుంటాయి. పలకలు తక్కువగా ఉన్నప్పుడు దేనికది విడి దీవిలా ఉండిపోతుంది, కరెంటుకు దారి దొరకదు. ఒక మోతాదు దాటగానే అవి ఒకదాన్నొకటి తాకుతూ గొలుసులా కలుస్తాయి. అప్పుడు పలకల వెంట ఎలక్ట్రాన్లు సులువుగా సాగుతాయి. నొక్కిన దిశలో వెళ్లాలంటే మాత్రం పలక నుంచి పలకకు, మధ్యలోని సిరామిక్‌ను తప్పించుకుంటూ పోవాలి.

స్పెయిన్ పరిశోధకులు ఇలా తయారుచేసిన సిలికాన్ నైట్రైడ్‌లో పలకల వెంట విద్యుద్వాహకత సెంటీమీటరుకు సుమారు 40 సీమెన్స్‌కు చేరింది. నొక్కిన దిశలో అది పది రెట్లకు పైగా తక్కువ. అందువల్ల ఇలాంటి పదార్థానికి ఒకే విలువ చెబితే సరిపోదు, రెండు దిశల్లోనూ కొలవాలి. వేడి కూడా పలకల వెంటే త్వరగా పాకుతుంది.

మోతాదే కీలకం

గ్రాఫీన్ ఎక్కువైతే వాహకత పెరుగుతుంది, కానీ పలకల అంచుల వెంట పదార్థం బలహీనపడుతుంది. సరిగా విడిపోని పలకలు ముద్దకడితే అక్కడే పగులు మొదలవ్వొచ్చు. కరెంటు ఏ వైపు పోవాలో, బరువు ఏ వైపు పడుతుందో చూసుకుని, అచ్చులో ఏ దిశలో నొక్కాలో ముందే తేల్చుకోవాలి. ఒకసారి గట్టిపడ్డాక ఆ అమరికను మార్చడం కుదరదు.