జనవరి 1 గిరాకీపైనే జెర్బెరా రైతు చూపు

హైదరాబాద్: ధనుర్మాసం ప్రవేశించగానే పూల మార్కెట్టు రెండుగా చీలిపోతుంది. బంతి, చేమంతులకు ఒకపక్క గుళ్ల నుంచి, మరోపక్క గొబ్బెమ్మల కోసం ఇళ్ల నుంచి గిరాకీ ఉండనే ఉంటుంది. పెళ్లి ముహూర్తాలు లేనందున వేదికల అలంకరణకు వాడే జెర్బెరా, కార్నేషన్, డచ్చి గులాబీలకు మాత్రం బేరాలు మందగిస్తాయి. క్రిస్మస్ దాటాక ఈ మందకొడితనంలో వాటిని కొంత నిలబెట్టేది ఒక్క రోజే. అది జనవరి 1. ప్రేమికుల బొకేలకు ఫిబ్రవరి 14 ఉన్నది. జనవరి 1 మాత్రం కాంట్రాక్టర్లది, ఏజెన్సీదారులది, కంపెనీ ప్రతినిధులది.

వ్యాపార సంబంధాల్లో పూలకు ఇంత చోటు దక్కడం వెనుక లెక్క లేకపోలేదు. వెండి గిన్నెయో, గడియారమో ఇస్తే పుచ్చుకున్నవారికి చిక్కు, ఇచ్చినవారిపై అనుమానం. బొకే మూడో రోజుకు వాడిపోతుంది. తిరిగి అమ్ముకోవడానికి రాదు. చీటీ మీద ఇచ్చినవారి పేరు ఉంటుంది, అంతే. ఖాతాల్లోనూ తకరారు తక్కువ. కానుకగా ఇచ్చిన సరుకుపై కట్టిన జి.ఎస్.టి.ని సంస్థ తిరిగి జమ చేసుకోవడానికి సెక్షన్ 17(5) ఒప్పుకోదు. తాజా పూలకు ఆ పన్నే లేదు కనుక పోయేదీ లేదు. 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను సెక్షన్ 194ఆర్ ప్రకారం వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో ఇచ్చే ప్రయోజనాల విలువ రూ. 20,000 దాటితే 10 శాతం పన్ను మినహాయించాలి. డీలర్లకు బంగారు నాణేలు పంచే కంపెనీలకు ఇది తలనొప్పి అయినది గాని, పూలగుత్తితో ఆ అంకె దాటేవారు అరుదు.

ఇంత నిరపాయమైన కానుకకు అడ్డు పన్నులవాళ్ల నుంచి గాక పుచ్చుకునేవారి నుంచే వచ్చింది. ప్రధాని పర్యటనల్లో బొకేలు వద్దని, ఇవ్వదలిస్తే ఒక్క పూవుతో ఖాదీ చేతిరుమాలో, పుస్తకమో ఇవ్వవచ్చునని 2017 జూలైలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు తెలిపింది. 2021 ఆగస్టులో కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ప్రభుత్వ కార్యక్రమాల్లో దండలు, బొకేలు, శాలువాలు మానుకోవాలని, బదులుగా కన్నడ పుస్తకాలు ఇవ్వవచ్చునని ఆదేశించారు. కోవిడ్ దెబ్బ నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న అక్కడి పూల రైతులు దీనిపై అభ్యంతరం తెలిపారు. తెలుగు జిల్లాల్లోనూ పలువురు కలెక్టర్లు జనవరి 1న తమను కలవవచ్చేవారు బొకేలకు బదులు హాస్టలు పిల్లలకు నోటు పుస్తకాలు, దుప్పట్లు తేవాలని కోరడం పరిపాటి అయినది. ఆ మాటను తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు. పిల్లవాడికి పుస్తకం అందింది, సరే. తోటలో పూసిన పూవు సంగతే తేలడం లేదు.

మిర్చి ధర బాగా లేకుంటే గుంటూరు రైతు శీతల గిడ్డంగిలో పెట్టుకుంటాడు. పసుపును ఇంట్లోనే నిలవ చేసుకోవచ్చు. జెర్బెరా రైతుకు ఆ వెసులుబాటు లేదు. నాటిన మూడు నెలలకు పూత మొదలైతే రెండు మూడేళ్లపాటు ఆగదు. గిరాకీ ఉన్నా లేకున్నా కోయక తప్పదు. పూవు రేకలు నలగకుండా ఒక్కొక్కదానికి ప్లాస్టిక్ తొడుగు వేయాలి, పదేసి చొప్పున కట్ట కట్టాలి, తెల్లవారకముందే గుడిమల్కాపూర్ చేర్చాలి. సరుకు అమ్ముడుపోకున్నా కూలి, తొడుగు, బండి కిరాయి తప్పవు. చేమంతి మిగిలితే దండలు గుచ్చేవాళ్లు ఏదో ఒక ధరకు ఎత్తుకుపోతారు. వాసన లేని జెర్బెరా జడకూ పనికిరాదు, పూజకూ పనికిరాదు. బల్ల మీద బొకేగా నిలబడితేనే దానికి విలువ.

చేవెళ్ల ప్రాంతంలో ఈ పంట వేసినవారిలో అప్పు చేసి పాలీహౌస్ కట్టినవారు ఉన్నారు. తెలంగాణ ఏర్పడిన తొలినాళ్లలో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ప్రకటించింది. మిగతా పావు వంతు రైతుదే. ఆ పావు వంతుకు వడ్డీ నెలనెలా నడుస్తుంది, శూన్యమాసమని ఆగదు.

బొకే పోయిన చోట లాభపడినవారూ లేకపోలేదు. 2015లో హరితహారం మొదలైన తర్వాత అధికారులకు కుండీ మొక్క ఇచ్చే అలవాటు పెరిగింది. కడియం నర్సరీలకు ఇది కలిసివచ్చింది. అయితే కడియంలో అమ్ముడైన మొక్క చేవెళ్లలో వాడిన పూవు అప్పు తీర్చదు. దీనికి తోడు వేదికల మీద ప్లాస్టిక్ పూలు చోటు చేసుకోవడంతో పెళ్లిళ్ల గిరాకీ కూడా మునుపటి మాదిరి నమ్మదగినదిగా లేదు.

ప్రైవేటు రంగం మాత్రం పూలను పూర్తిగా వదల్లేదు. ఆసుపత్రులు, బ్యాంకులు, హోటళ్లలో కొత్త సంవత్సరపు పలకరింపు ఇంకా బొకేతోనే సాగుతున్నది. కాని ఆ రోజుకు బెంగళూరు, హోసూరు వైపు సరుకు కూడా దిగుతుంది. చలి ప్రదేశపు గులాబీ కాడ పొడవు, మొగ్గ బిగువు ఇక్కడి ఎండలో రావడం కష్టం. అందుచేత ఖరీదైన బొకేలో పెద్ద వాటా అటే పోతుంది.

2వ తేదీ ఉదయం కోతకు వచ్చే పూలకు సంక్రాంతి దాటి మాఘమాసపు ముహూర్తాలు పడేదాకా ఎదురుచూపే.