మెడలోని కంతి - రక్తపుపోటు మందుల వరుస

రక్తపుపోటు మాత్ర నేడు మన యిండ్లలో పోపులపెట్టె ప్రక్కనే యుండు వస్తువైనది. ఒకరి మాత్ర నింకొకరు మ్రింగుటయు కలదు. రాజమహేంద్రవరమున మా వీథిలోని యొక యిల్లాలికి దవడక్రింద కంతి మెల్లగా పెరుగుచుండెను. తలనొప్పి, చెమటలు, గుండెదడ యొక్కసారిగా వచ్చి కొంతసేపటికి తగ్గుచుండెను. గాలి సోకినదని పెద్దలనిరి. పొరుగింటి వదినగారు, "నా గుండెదడ మాత్ర యొకటి వేసికొనుము, తగ్గును" అని ప్రేమతో నీయబోయిరి. అది ప్రొప్రనలాల్. వైద్యుడు వారించెను. ఏల?

మెదడునకు రక్తము గొంపోవు ధమని మెడలో రెండుగా చీలుచోట బియ్యపుగింజయంత కణపుంజము గలదు. అందు పుట్టు కంతిని పారాగాంగ్లియోమా యందురు. ఇట్టివి చెవిలోపలను పుట్టవచ్చును. తలయందును మెడయందును పుట్టువానిలో పెక్కు లేరసమును స్రవింపవు. కొన్ని మాత్రము భయము గలిగినపుడు దేహము విడుచు నారడ్రినలిన్ వంటి రసములను విడుచును. రక్తమునందో, ఒక దినపు మూత్రమునందో మెటానెఫ్రిన్లను కొలిచి దీనిని గుర్తింతురు.

ఆ రసము ఆల్ఫా ద్వారములచే రక్తనాళములను బిగించును. బీటా ద్వారములచే గుండెను పరుగెత్తించును, కొన్ని నాళములను సడలించును. ప్రొప్రనలాల్ బీటాను మూయును. దానినే ముందిచ్చిన సడలింపు పోయి బిగింపే మిగులును. రక్తపుపోటు ప్రాణాంతకముగా పెరుగవచ్చును. ధవళేశ్వరపు ఆనకట్ట చెంత బ్రదుకు మనకిది తెలియనిది కాదు: చేలలో వరదనీరు నిలిచినపుడు మురుగుకాలువ తూము నెవరు మూయుదురు?

కావున మొదట ఆల్ఫాను మూయు డాక్సజోసిన్, ప్రజోసిన్, ఫినాక్సీబెంజమిన్ వంటి మందు నిత్తురు. గుండెదడ నిలిచియున్న పిమ్మటనే బీటా మందు. శస్త్రచికిత్సకు ముందు 7 మొదలు 14 దినము లిట్లు సిద్ధపఱతురు. లేనిచో కత్తి తగులగానే రసము వెల్లువెత్తును. సడలిన నాళములు నిండుటకై యీ రోగికి ఉప్పును నీరును ఎక్కువగా పుచ్చుకొమ్మందురు. తక్కిన రక్తపుపోటువారు దీని ననుకరింపరాదు. మంచముపైనుండి లేచునపుడు కన్నులు తిరుగవచ్చును గాన మెల్లగా లేవవలయును.

ఈ మందులు కంతిని కరగింపవు. దాని యాగడమును మాత్ర మరికట్టును. వ్యాధి కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చును గాన రక్తసంబంధీకులను గూడ పరీక్షింపవలసి యుండవచ్చును.

ఆ యిల్లాలు రెండువారములు మందు సేవించి, శస్త్రచికిత్స చేయించుకొని యిల్లు చేరినది. ఇట్టి లక్షణములు మీ యింట నెవరికైన నున్నచో దాచకుడు. వైద్యుని కడకు పోవునపుడు, ఇదివరలో మ్రింగిన ప్రతి మాత్ర పేరును, పొరుగువారిచ్చినదైనను, చెప్పుడు.