ఒకే అతుకులో రెండు వెల్డింగ్‌లు

థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆవిరి పైపుల అతుకును కోసి చూస్తే, చాలాసార్లు అందులో రెండు రకాల వెల్డింగ్ బయటపడుతుంది. అడుగున వేసే మొదటి వరస, అంటే రూట్, టిగ్‌తో వేస్తారు. మన షాపుల్లో దాన్నే ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. దానిపైన ఫిల్లింగ్, క్యాపింగ్ అంతా రాడ్డుతోనే. రూట్ కూడా రాడ్డుతో వేస్తే పైపు లోపలివైపు స్లాగ్ మిగిలిపోవచ్చు. చిప్పింగ్ సుత్తి అక్కడికి చేరదు. టిగ్‌కు స్లాగ్ బెడద లేదు, కానీ నత్తనడక. మందపాటి గోడనంతా దానితో నింపాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇలా కలిపితే బలం తగ్గుతుందా? లాగుడు బలం వరకైతే భయం లేదు. ఫిల్లింగ్‌కు వాడే 7018 రాడ్డు పేరులోని 70కి అర్థం చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల లాగుడును తట్టుకుంటుందని. రూట్‌కు వాడే ఈఆర్70ఎస్-2 తీగదీ అదే స్థాయి. పైగా పై వరస వేడికి కింది వరసలోని ముతక రేణువులు కొంత సన్నబడతాయి కూడా.

తంటా అంతా దెబ్బను ఓర్చుకునే గుణంతోనే. లాగుడు పరీక్షలో నెగ్గిన లోహం అదాటు దెబ్బకు పెళుసుగా విరగవచ్చు. 1994 జనవరి 17న లాస్ ఏంజిలస్‌లోని నార్త్‌రిడ్జ్ ప్రాంతంలో 6.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ సంగతి చాటింది. వంగి నిలబడతాయనుకున్న ఉక్కు చట్రాల భవనాల్లో దూలాలు స్తంభాలను కలిసేచోట అతుకులు పగిలాయి. వాటిలో చాలావరకు ఈ70టీ-4 తీగతో వేసినవి. దాని పేరులోని 7 కూడా అదే 70,000 పౌండ్ల స్థాయిని చెబుతుంది. కానీ దెబ్బకు ఓర్చుకోవాలన్న షరతే దానికి లేదు.

ఆ తీగకు రక్షణ వాయువు అక్కర్లేదు. గాలిలోంచి చొరబడే నత్రజనిని పట్టి బంధించడానికి తీగలోనే అల్యూమినియం దండిగా కలుపుతారు. ఒంటరిగా ఉన్నంతసేపు ఆ లెక్క సరిపోతుంది. అయితే దానిమీద మామూలు రాడ్డుతోనో, వాయువు వాడే తీగతోనో మరో వరస వేస్తే, కింది లోహం కొంత కరిగి పైదానిలో కలుస్తుంది. రాడ్డు లోహం చల్లబడేటప్పుడు సన్నని ఆక్సైడ్ కణాల చుట్టూ సూదుల్లాంటి రేణువులు అల్లుకుంటాయి, పగులును అడ్డుకునేవి అవే. కొత్తగా వచ్చిన అల్యూమినియం ఆక్సిజన్‌ను లాగేసుకుని ఆ కణాల తీరే మార్చేస్తుంది. రేణువులు ముతకబారతాయి. విడివిడిగా పరీక్షల్లో నెగ్గిన రెండు లోహాలూ కలిసినచోట తేలిపోవచ్చు.

అందుకే భూకంపాలను తట్టుకోవాల్సిన ఉక్కు కట్టడాలకు అమెరికాలో వాడే ఏడబ్ల్యూఎస్ డీ1.8 నియమావళి ఇలాంటి కలయికలను విడిగా పరీక్షించమంటుంది. 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టిన ముక్కను లోలకంతో కొట్టే చార్పీ పరీక్షే ఇక్కడా. కాకపోతే ముక్కను కోసే చోటు ముఖ్యం. మందమైన అతుకులో పైపైన తీస్తే రాడ్డు లోహం ఒక్కటే వస్తుంది, నివేదిక అద్భుతంగా ఉంటుంది. రెండూ కలిసిన పొర గాటు కిందికి వచ్చేలా కోయాలి.