నలభై వేలలో గేమింగ్ పీసీ
నాన్న 40,000 చేతిలో పెట్టి, "మళ్లీ అడగొద్దురా" అన్నారు. మానిటర్ కూడా అందులోనే. సికింద్రాబాద్ సీటీసీలో రెండు రోజులు తిరిగాక, గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో కుదరదని తేలిపోయింది. అందుకే గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ తీసుకున్నా. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి 16 జీబీది ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేశా. రెండు చానెళ్లలో డేటా నడిస్తే గేముల్లో ఎఫ్‌పీఎస్ బాగా తేడా వస్తుంది.

క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అన్నాడు షాపతను. వద్దన్నా. మా రూమ్మేట్‌ది అలాంటిదే, పోతూ పోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోయింది. 550 వాట్లది మంచిది విడిగా కొన్నా, రేపు మామూలు కార్డు వేసినా సరిపోతుంది. రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మాత్రం వదిలేశా (మనసు లాగింది, నిజమే). వాలరెంట్ హాయిగా ఆడుతోంది. కార్డు సంగతి మొదటి జీతం వచ్చాక చూద్దాం.