శస్త్రచికిత్స పిమ్మట వచ్చు జ్వరము



మా అన్నగారికి అంత్రవృద్ధి, అనగా నేడందరును హెర్నియా యనుచున్న వ్యాధి, చిరకాలముగా నుండెను. పంటపనులు ముగిసిన పిదప దినము నిర్ణయించుకొని పట్టణమున శస్త్రచికిత్స చేయించితిమి. ఆ రాత్రియే జ్వరము వచ్చినది. థర్మామీటరు 101 డిగ్రీలు చూపినది. నేను కలవరపడి వైద్యునితో వాదమునకు దిగితిని. ఆయన గాయమును, నాడిని, ఊపిరిని పరీక్షించి, "పంతులుగారూ, మేము కనిపెట్టియే యున్నాము, రెండు దినములు ఓపిక పట్టుడు" అనిరి. మూడవనాటికి జ్వరము దిగినది.

ఇల్లు చేరిన పిమ్మట, ఆరవ దినమున, మరల జ్వరము తగిలినది. ఇదియు మొదటిదాని వంటిదే యని తలచి నేను రెండు దినములు ఊరకుంటిని. కుట్లచోట చీము పట్టియుండెను! అన్నగారు కోలుకొనిరి గాని నెల దినములు బాధపడిరి. నా తెలియమి యింకొక యింట జరుగకుండుటకై యీ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

దేహపు వేడిమిని నియమించు స్థానమొకటి మెదడునందు కలదు. శస్త్రముచే చర్మమును కండయు తెగినప్పుడు, ఆ చోటి కణములు సైటోకైనులను పదార్థములను రక్తమున విడుచును. వాని ప్రేరణచే ప్రోస్టాగ్లాండిను అను మరియొక పదార్థము పుట్టి, మెదడునందలి యా స్థానము వేడిమిని హెచ్చించునట్లు చేయును. ఇందు సూక్ష్మజీవుల ప్రమేయము లేదు. చర్మము చెక్కుచెదరక లోపల ఎముక మాత్రమే విరిగినవారికి సైతము జ్వరము వచ్చుట యిందుకు నిదర్శనము. మోకాలి కీలు మార్చుట వంటి పెద్ద శస్త్రచికిత్సల పిమ్మట నిది తరచుగా వచ్చును. మొదటి రెండు దినములలో వచ్చు జ్వరము పెక్కుసార్లు ఇట్టిదే, తనంతట తగ్గును.

ఊపిరితిత్తుల అడుగుభాగము సరిగా విచ్చుకొనకుండుటయే దీనికి కారణమని వైద్యులు చాలకాలము బోధించిరి. తరువాతి పరిశీలనలలో ఆ సంబంధము రుజువు కాలేదు. అయినను దీర్ఘముగా శ్వాస తీయుటయు, వైద్యుడు చెప్పినంతలో త్వరగా లేచి నడచుటయు మేలే.

మన పెద్దల భయము నిరాధారమని చెప్పరాదు. 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. అంతకు పూర్వము శస్త్రచికిత్స పిమ్మట గాయము చీముపట్టి మరణించినవారు అనేకులు.

నేటికిని తొలి దినములలో ప్రమాదములు లేకపోలేదు. మత్తులో నుండగా కడుపులోని పదార్థము ఊపిరితిత్తులలోనికి పోవుట, ఎక్కించిన రక్తము గాని ఇచ్చిన మందు గాని పడకపోవుట, ముందే దాగియున్న మలేరియా బయటపడుట అందు కొన్ని. అరుదుగా స్ట్రెప్టోకాకసు, క్లాస్ట్రీడియము అను సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే గాయమును చెరచును. కావున జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో ఏ దినమైనను వైద్యునికి తెలుపుడు. గాయముచోట మితిమీరిన నొప్పి, చర్మము నల్లబడుట, దుర్వాసన, ఆయాసము, మతి తప్పుట కనిపించినచో క్షణమైన జాగుచేయరాదు.

మూడవ దినము దాటిన పిమ్మట క్రొత్తగా వచ్చు జ్వరమును మరింత అనుమానింపవలెను. మూత్రమునకై అమర్చిన గొట్టము వలన మూత్రమార్గము చెడుట, ఊపిరితిత్తులకు న్యుమోనియా సోకుట, అయిదు మొదలు ఏడు దినముల వేళ కుట్లు చీముపట్టుట, కాలి సిరలలో రక్తము గడ్డకట్టుట దీనికి కారణములు కావచ్చును.

ఇంటివారు చేయదగినది స్వల్పము. శస్త్రచికిత్స జరిగిన దినము మొదలు ఒక కాగితముపై దినము, వేళ, జ్వరమెన్ని డిగ్రీలు అనునవి వ్రాసియుంచుడు. వైద్యునికి అది మిక్కిలి ఉపకరించును. ఇంట మిగిలిన మాత్రలను మీయంతట మీరు వేయకుడు. లంఖణము పరమౌషధమని రోగిని పస్తుంచకుడు. గాయము మానుటకు ఆహారము కావలెను. వైద్యుడు అనుమతించిన అన్నమును వేళకు పెట్టుడు.

ఆ కాగితమే మా యింట నుండినయెడల, ఆరవనాటి జ్వరము నాటి దినమే వైద్యుని యొద్దకు పోయియుందుము.