ఆలస్యమైన ఫీజు అప్పే
అరసవల్లి నుంచి శ్రీకాకుళం కాలేజీలకో, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికో బస్సెక్కే పేదింటి పిల్లలకు పెద్ద చదువు అందిందంటే, చాలావరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ చలవే. అమెరికాలో 2022లో బైడెన్ ప్రభుత్వం విద్యార్థుల అప్పులో 10 వేల డాలర్లు, పేద కుటుంబాలకిచ్చే పెల్ గ్రాంటుతో చదివినవారికైతే 20 వేల డాలర్ల వరకు రద్దు చేస్తామంది. మరుసటి ఏడాది జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. చదివేశాక అప్పు మాఫీ చేయాలా వద్దా అన్నది వాళ్ల తగువు. మనం అసలు అప్పే పుట్టకూడదనుకున్నాం. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ప్రభుత్వాలు మారినా నిలిచింది. నా దృష్టిలో ఇది మాఫీకన్నా మేలైన దారి. దెబ్బతింటున్నది డబ్బు వచ్చే తేదీ దగ్గరే.

ఈ పథకానికి 2020లో విద్యాదీవెన అని పేరు పెట్టి, తర్వాత సొమ్ము తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఎవరి ఖాతాలో వేయాలన్న వాదులాటలో ఎప్పుడు వేస్తారన్న ప్రశ్న మరుగున పడిపోయింది. బకాయి పడితే ఏమవుతుందో చూడండి. కోర్సు అయిపోయి, ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలని పిల్ల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే, ముందు ఫీజు కట్టమంటారు. సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పినా, ఆ కాగితం పట్టుకుని కాలేజీతో పోరాడే ఓపిక ఏ తండ్రికుంటుంది? 35 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు 700, ఏడాదికి 8,400. బ్యాంకు విద్యారుణం వడ్డీ ఇంతకన్నా ఎంతో తక్కువ. ప్రభుత్వం తర్వాత ఫీజు చెల్లించినా ఈ వడ్డీ మాత్రం తిరిగి రాదు. అంటే సర్కారు ఖజానాకు కూలి చేసుకునే ఇల్లు అప్పు పెట్టినట్టే.

కాలేజీ గడప తొక్కని వలస కూలీ పన్నుతో ఇంజినీర్లను ఎందుకు చదివించాలని అడిగేవారున్నారు. విద్యాదీవెనకు పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఆ పరిమితిలో ఉండేది ఆ కూలీ బిడ్డే కదా! పాఠాలు సరిగా చెప్పని ప్రైవేటు కాలేజీలను మేపుతున్నామన్న మాటలో నిజం ఎక్కువే ఉంది. అలాంటి కాలేజీని తనిఖీ చేసి సీట్లు కోయాలి, గుర్తింపు తీసేయాలి. చెల్లింపు ఆపితే దాని భారం పడేది పిల్లల మీదే. కౌన్సెలింగ్ ముగిసేసరికి ఎన్ని సీట్లు నిండాయో, ఏ కాలేజీకి ఎంత ఫీజో ఆ లెక్క ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. ఆ మొత్తాన్ని బడ్జెట్లో విడిగా తీసిపెట్టి, ఏడాది మొదట్లోనే కట్టాలి. ఆలస్యమైతే, నెలనెలా పడే ఆ 700 వడ్డీ కూడా ప్రభుత్వమే భరించాలి.