వీడియో పాఠాల ద్వారా వడ్రంగం

వీడియో పాఠాల ద్వారా వడ్రంగం అనగా గురువు వద్ద శిష్యరికం చేయకుండా, బోధనా చిత్రాలను చూసి చెక్కపనిని అభిరుచిగా నేర్చుకొనే పద్ధతి.

చరిత్ర

ఈ పద్ధతికి అమెరికా టెలివిజన్ ప్రాచుర్యం కల్పించింది. పీబీఎస్‌లో రాయ్ అండర్‌హిల్ నిర్వహించిన ''ది వుడ్‌రైట్స్ షాప్''లో చేతి పనిముట్లకే ప్రాధాన్యం ఉండేది. నార్మ్ అబ్రమ్ నిర్వహించిన ''ది న్యూ యాంకీ వర్క్‌షాప్'' (1989-2009)లో విద్యుత్ యంత్రాలను ఎక్కువగా వాడేవారు. 2005లో యూట్యూబ్ మొదలైన తరువాత ఇటువంటి పాఠాలు ఉచితంగా లభించసాగాయి.

అభ్యాస క్రమం

మొదట మూలమట్టంతో గీత గీయడం, ఉలికి సాన పట్టడం నేర్చుకోవాలి. రంపపు కోత గీత మీద కాక, పారవేయవలసిన భాగం వైపున పడాలి. లేనిచో ముక్క పొట్టిదై అతుకు వదులవుతుంది. ఒకే అతుకును పనికిరాని చెక్కపై పలుమార్లు చేసిన తరువాతే వస్తువు తయారీకి పూనుకోవాలి.

పరిమితులు

వీడియో కంటికి చూపగలదు గాని చేతికి తెలియవలసినదానిని తెలుపలేదు. నారకు ఎదురుగా చిత్రిక పడితే చెక్క పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు దిశ మార్చాలని చేతికి తగిలే బిగువే చెబుతుంది. గురువు వలె తప్పును అక్కడికక్కడే సరిదిద్దేవారు లేనందున అది అలవాటుగా స్థిరపడవచ్చు.

జాగ్రత్తలు

దృశ్యం స్పష్టంగా కనబడేందుకు కొన్ని వీడియోలలో యంత్రపు రంపానికి ఉండే రక్షణ కవచాన్ని తొలగించి చూపుతారు. దానిని అనుకరించరాదు. రక్షణ కళ్ళద్దాలు ధరించాలి. ఉలి కదిలే దిశలో రెండవ చేయి ఉంచరాదు.

ఇవి కూడా చూడండి

* వడ్రంగి
* ఉలి
* రంపం